సివిల్ సర్వీసుల పరీక్షలో తెలుగు సాహిత్యము: ప్రాచ్యకళాశాలలలో అనుసరింపదగిన అధ్యయన, బోధన పద్ధతులు

మన ప్రాచ్యకళాశాలలలో చదువు ముగించిన విద్యార్థులలో చాలమంది భాషాపండిత శిక్షణను, తదనంతరము పాఠశాలలో పండితపదవిని తమ విద్యకు సహజమైన గమ్యముగా భావింతురు. ఆ గమ్యము గౌరవప్రదమైనదే. కాని అది ఒక్కటియే గమ్యమనుకొనుటకు కారణము లేదు. కేంద్ర ప్రభుత్వ లోకసేవాసంఘము, అనగా యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్, నిర్వహించు సివిల్ సర్వీసుల పరీక్షలో తెలుగు సాహిత్యము, సంస్కృత సాహిత్యము ఐచ్ఛిక విషయములుగా ఉన్నవి. మన కళాశాలలలో సంవత్సరముల తరబడి పాఠము చెప్పబడుచున్న కావ్యములే అక్కడను పాఠ్యములు. ఈ సామ్యమును గుర్తించి విద్యార్థులను ఆ వైపు నడిపించుట ఎట్లో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. తెలుగు ఐచ్ఛికమును ప్రధానముగా గ్రహించి, సంస్కృతమును ప్రసంగవశమున స్పృశింతును.

1. అధికారినిర్ణయము

గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయపు పట్టము గాని, దానికి సమానముగా అంగీకరింపబడిన అర్హత గాని ఉన్న ప్రతి వ్యక్తియు ఈ పరీక్షకు అధికారియే. పట్టము ఏ శాఖకు చెందినదన్న నియమము లేదు. ప్రాచ్యవిద్యాపట్టముల పేర్లు కాలమును బట్టి, విశ్వవిద్యాలయమును బట్టి మారుచు వచ్చినవి కావున, తమ పట్టము సామాన్య బి.ఏ. పట్టముతో సమానమన్న ధ్రువపత్రమును విద్యార్థి దరఖాస్తునకు ముందే తన విశ్వవిద్యాలయము నుండి పొంది ఉంచుకొనుట మేలు. వయస్సు 21 సంవత్సరములు నిండి ఉండవలెను. సామాన్యవర్గమునకు గరిష్ఠ పరిమితి 32 సంవత్సరములు, ప్రయత్నములు ఆరు. ఇతర వెనుకబడిన వర్గములకు 35 సంవత్సరములు, తొమ్మిది ప్రయత్నములు. షెడ్యూల్డు కులములకు, తెగలకు 37 సంవత్సరములు. ఆ పరిమితిలో ప్రయత్నములకు లెక్క లేదు.

ప్రాథమిక, ప్రధాన, మౌఖికములను మూడు దశల పద్ధతి కొఠారి సంఘము సూచనల ననుసరించి 1979లో ఏర్పడినది. 2013 వరకు ప్రధానపరీక్షలో రెండు ఐచ్ఛికములు ఉండెడివి. ఆ సంవత్సరము నుండి ఒక్కటియే మిగిలినది. ఆ ఒక్క ఐచ్ఛికమునకు 250 మార్కుల వంతున రెండు పత్రములు, మొత్తము 500 మార్కులు. యోగ్యతాక్రమమునకు లెక్కించు లిఖితపరీక్ష మార్కులు 1750, మౌఖికమునకు 275. లిఖితభాగములో నాలుగవ వంతునకు పైగా ఐచ్ఛికము మీదనే ఆధారపడి ఉన్నదన్నమాట.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఒక భాషాసాహిత్యమును ఐచ్ఛికముగా కోరువారు ఆ సాహిత్యములోనే పట్టము పొంది ఉండవలెనన్న నియమమును 2013 మార్చిలో ప్రకటించి, నిరసనలు రాగా ఉపసంహరించిరి. కావున నేడు ఇంజనీరింగు చదివినవాడును, వైద్యము చదివినవాడును తెలుగు సాహిత్యమును ఎన్నుకొనవచ్చును, ఎన్నుకొనుచున్నారు కూడ. భాషాశాస్త్రములే జీవనాధారముగా చదివిన మన విద్యార్థి వారితో పోటీపడవలెను. అతనికి గ్రంథపరిచయము వారికంటె అధికము. అయినను ఆ పరిచయము మార్కులుగా పరిణమింపనిచో లోపము ఎక్కడ నున్నదో అధ్యాపకులమైన మనము విచారింపవలసి ఉన్నది.

2. విషయస్వరూపము

ప్రథమపత్రము రెండు భాగములు. మొదటిది భాష. ద్రావిడభాషలలో తెలుగు స్థానము, తెలుగు-తెనుగు-ఆంధ్ర పదముల చరిత్ర, మూలద్రావిడము నుండి ఆధునికాంధ్రము వరకు జరిగిన మార్పులు, అన్యభాషాప్రభావము, ఆధునికీకరణము, పారిభాషికపదనిర్మాణము, మాండలికములు, వాక్యనిర్మాణము, అనువాదము ఇందులోని అంశములు. రెండవది సాహిత్యచరిత్ర. నన్నయకు పూర్వమున్న కవిత్వము మొదలుకొని శివకవులు, తిక్కన, ఎఱ్ఱన, నాచన సోమన, శ్రీనాథ పోతనలు, పదకవులు, ప్రబంధము, దక్షిణాంధ్రయుగము, ఆధునికోద్యమములు, స్త్రీవాద దళితసాహిత్యములు, జానపదసాహిత్యము వరకు ఇది విస్తరించినది.

ద్వితీయపత్రము పాఠ్యగ్రంథపరమైనది. ప్రాచీనభాగములో ఆరు: నన్నయ దుష్యంతచరిత్ర (ఆదిపర్వము, చతుర్థాశ్వాసము, 5-109 పద్యములు), తిక్కన శ్రీకృష్ణరాయబారము (ఉద్యోగపర్వము, తృతీయాశ్వాసము, 1-144), శ్రీనాథుని గుణనిధికథ (కాశీఖండము, చతుర్థాశ్వాసము, 76-133), పింగళి సూరన సుగాత్రీశాలీనుల కథ (కళాపూర్ణోదయము, చతుర్థాశ్వాసము, 60-142), అవతారికతో కూడిన మొల్ల రామాయణ బాలకాండము, కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకము. ఆధునికభాగములో తొమ్మిది: గురజాడ ఆణిముత్యాలు, విశ్వనాథ ఆంధ్రప్రశస్తి, కృష్ణశాస్త్రి కృష్ణపక్షము (ఊర్వశి, ప్రవాసములను మినహాయించి), శ్రీశ్రీ మహాప్రస్థానము, జాషువ గబ్బిలము ప్రథమభాగము, నారాయణరెడ్డి కర్పూరవసంతరాయలు, కనుపర్తి వరలక్ష్మమ్మ శారదలేఖలు ప్రథమభాగము, ఆత్రేయ ఎన్.జి.ఓ. నాటకము, రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవి.

పద్యసంఖ్యల హద్దులను విద్యార్థిచేత మొదటి దినముననే వ్రాయించుట అవసరము. ఉద్యోగపర్వములో జనుల నోట నానిన పద్యములన్నియు నిర్ణీతభాగములో ఉండవు. అలవాటును నమ్మి చదివినవాడు హద్దు వెలుపలి పద్యములను వల్లించి, లోపలి వానిని విడుచును.

3. బోధనలో లోపించిన అంగము

వ్యాఖ్యానమునకు మన పెద్దలు ఐదు లక్షణములు చెప్పిరి: పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేపసమాధానము. తరగతిగదిలో మొదటి నాలుగును మనము శ్రద్ధగానే నిర్వహించుచున్నాము. ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము, వ్యాకరణవిశేషములు చెప్పుసరికి గంట ముగియును. ఐదవదైన ఆక్షేపసమాధానము కాలాభావమున జారిపోవుచున్నది. పాఠ్యప్రణాళిక మాత్రము ద్వితీయపత్రము విషయమున రెండు మాటలను స్పష్టముగా చెప్పుచున్నది: గ్రంథములను స్వయముగా చదివి ఉండవలెను, విమర్శశక్తి పరీక్షింపబడును. అనగా పరీక్ష కోరుచున్నది మనము విడిచిన ఐదవ అంగమునే.

విమర్శమార్గములుగా ప్రణాళిక పేర్కొన్నవాటిలో రసము, ధ్వని, వక్రోక్తి, ఔచిత్యము అను నాలుగు మన ఆలంకారికుల సొత్తు. భరత, ఆనందవర్ధన, కుంతక, క్షేమేంద్రుల గ్రంథములు మనకు పరిచితములే. తరువాత రూపనిర్మాణ విమర్శ, భావచిత్రములు, ప్రతీకలు, సామాజిక, చారిత్రక, భావజాల, మనోవైజ్ఞానిక దృక్పథములు ఉన్నవి. ఇవి కొంత నూతనముగా నేర్పవలసినవి. అయినను ఏ దృక్పథమునకైనను ఆధారము ఒక్కటే: ఒక అభిప్రాయమును పాఠ్యభాగము నుండి ఉపపత్తి చూపి స్థాపించుట.

ఇట్లు స్థాపించు విద్యకు మీమాంసకుల అధికరణపద్ధతిని మించిన మార్గము మనకు వేరొకటి లేదు. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అను ఐదు అవయవములు సమాధానరచనకు చక్కగా ఒప్పును. ప్రశ్న దేనిని గూర్చినదో గుర్తించుట విషయము. ఆ ప్రశ్నలో రెండు అభిప్రాయములకు ఎక్కడ తావున్నదో చూచుట సంశయము. తాను అంగీకరింపని పక్షమును న్యాయముగా ఒకటి రెండు వాక్యములలో చెప్పుట పూర్వపక్షము. ఆధారములతో తన నిర్ణయమును నిలుపుట సిద్ధాంతము. ఆ నిర్ణయము కావ్యము మొత్తముతో, కవి దృష్టితో ఎట్లు పొందుపడునో చెప్పుట సంగతి. ఈ పేర్లను సమాధానపత్రములో వ్రాయవలసిన పని లేదు. మనస్సులో ఈ క్రమము ఉన్న చాలును.

4. ఉదాహరణము: దుష్యంతచరిత్ర

ఇట్టి ప్రశ్న యొకటి ఊహింతము: ‘దుష్యంతచరిత్రలో శకుంతల చేసిన సత్యప్రశంస కథకు అవసరమా, ఉపదేశమాత్రమా?’ సామాన్యముగా వచ్చు సమాధానము కథాసంగ్రహముతో ఆరంభమగును. దుష్యంతుడు వేటకు వెళ్లుట, కణ్వాశ్రమము చేరుట, గాంధర్వవివాహము, భరతుని జననము, రాజసభకు వచ్చుట, ఈ విధముగా ముప్పాతిక భాగము గడచును. చివర నన్నయ కవిత ప్రసన్నమైనదనియు, అక్షరరమ్యమనియు రెండు ప్రశంసలు చేరును. ప్రశ్న మాత్రము అట్లే మిగులును.

అధికరణక్రమమున చూచినచో సమాధానము వేరుగా నడచును. నిండు సభలో తిరస్కృతయైన స్త్రీ బావులు, దిగుడుబావి, యజ్ఞము, పుత్రుడు, సత్యము అను క్రమమున ధర్మోపదేశము చేయుట కథను నిలిపివేయుచున్నదని పూర్వపక్షము. దీనికి సమాధానము కథాసంవిధానములోనే ఉన్నది. కాళిదాసు నాటకమున దుర్వాసశాపము కలదు, అంగుళీయకము కలదు. రాజు నిజముగా మరచినాడు. భారతకథలో శాపము లేదు. దుష్యంతుడు ఎఱిగియే ఎఱుగననుచున్నాడు. నాటకమునందలి సమస్య స్మృతి. భారతమునందలి సమస్య సత్యము. కావున సత్యప్రశంస ఉపదేశమాత్రము కాదు, వివాదమునకు కేంద్రము. తరువాత ఆకాశవాణి పలుకుట ఆ సత్యమునకు లభించిన సాక్ష్యము. ఒకదానికంటె మరియొకటి అధికమని చెప్పుచు పోవు సారాలంకారము చివర సత్యమునే శిఖరముగా నిలుపుట ఈ అర్థమునకు అనుగుణము. నన్నయ తన కవితకు చెప్పుకొన్న కథాకలితార్థయుక్తి, సూక్తినిధిత్వము ఇచ్చట ఒకే చోట కలిసినవని ముగింపవచ్చును. ప్రార్థింపక ధర్మము చెప్పుట ఆ పాత్రకు ఉచితమని ఔచిత్యదృష్టిని కూడ ఒక వాక్యములో చేర్చవచ్చును.

ఈ సమాధానమునకు కావలసిన సామగ్రి యంతయు మన విద్యార్థి చదివినదే. శాకుంతలమును సంస్కృతపాఠముగాను, ఆదిపర్వమును తెలుగుపాఠముగాను వేర్వేరు గంటలలో చదివినాడు. ఆ రెండింటిని ఎదురెదురుగా నిలిపి ప్రశ్నించుట ఒక్కటే అతనికి అలవాటు కాలేదు.

5. ఇతర పాఠ్యములలో ఆక్షేపస్థానములు

ప్రతి పాఠ్యమునకును ఇట్టి ఆక్షేపస్థానము ఒకటి కలదు. అధ్యాపకుడు దానిని గుర్తించి ఇచ్చినచో మిగిలినది విద్యార్థి సాధించుకొనును.

తిక్కన రాయబారఘట్టములో భీముడు శాంతిని పలుకుట విచిత్రము. క్రోధమూర్తియని పేరుపడినవాడు మెత్తబడుట పాత్రభంగమా? కృష్ణుడు అతనిని ఎత్తిపొడిచి మరల రోషమును రేపుట, సహదేవుడు యుద్ధమునే కోరుట, చివర ద్రౌపది తన కొప్పు చూపి పరాభవమును స్మరింపజేయుట వరుసగా పరిశీలించినచో, సంధిని గూర్చిన ఒక్కొక్క మనస్సును తిక్కన సంభాషణల ద్వారానే వెలికి తీసినాడని తెలియును. తిక్కన నాటకీయత యని ఒక మాటతో సరిపెట్టుటకంటె ఈ క్రమమును చూపుట బలవత్తరము.

గుణనిధికథలో జూదరియై, నైవేద్యమును దొంగిలించుటకు శివాలయము ప్రవేశించినవాడు కైలాసము పొందుట ధర్మవిరుద్ధముగా తోచును. శివరాత్రినాటి ఉపవాసము, జాగరణము, తన వస్త్రము చించి దీపమునకు వత్తి వేయుట అనుద్దిష్టముగా జరిగినవి. ఉద్దేశములేని పుణ్యము ఫలించునా యన్న ప్రశ్నను యమదూతల, శివదూతల వాదమే కథలో లేవనెత్తుచున్నది. కొడుకు దోషములను కప్పిపుచ్చు తల్లిని, ఉంగరము ద్వారా నిజము తెలిసికొన్న తండ్రిని చిత్రించుటలో శ్రీనాథుని లోకజ్ఞత వేరొక ప్రశ్నకు ఆధారమగును.

సుగాత్రీశాలీనుల కథ మనోవైజ్ఞానిక దృక్పథమునకు అనువైనది. అలంకరించుకొని ఎదుట నిలిచిన భార్యయందు పుట్టని అనురాగము, ఆమె తోటపనిలో తోడుగా శ్రమించుచుండగా శాలీనునకు పుట్టినది. రసశాస్త్రము చెప్పు ఉద్దీపనవిభావములను సూరన తలక్రిందు చేసినాడా, లేక ఉద్దీపనము పాత్రస్వభావమును బట్టి మారునని నిరూపించినాడా? ఇది తరగతిలో గంటసేపు వాదింపదగిన ప్రశ్న. మొల్ల అవతారికలో వినయముగా చెప్పిన మాటలకును, ఆమె కావ్యశిల్పమునకును గల అంతరము మరియొకటి. ఆంధ్రనాయకశతకములో నింద ఎక్కడ స్తుతిగా మారుచున్నదో పద్యము వెంట పద్యము చూపుట వేరొకటి.

ఆధునికభాగములో గబ్బిలము మన విద్యార్థికి విశేషముగా అనుకూలమైనది. మేఘసందేశము చదివినవాడు దూతకావ్యలక్షణమును ఎఱుగును. జాషువ మేఘమును విడిచి గబ్బిలమునే ఏల దూతగా గ్రహించెను? ఆలయములో తలక్రిందులుగా వ్రేలాడు పక్షికి దేవుని సన్నిధి కలదు. అస్పృశ్యుడన్న పేరున వెలివేయబడిన మనుష్యునకు గుడివాకిలి లేదు. యక్షుని విరహము ప్రియురాలిని గూర్చినది. ఇతని విన్నపము న్యాయమును గూర్చినది. ప్రాచీనప్రక్రియను నూతనప్రయోజనమునకు మలచిన తీరు ఈ ఒక్క పోలికలో వ్యక్తమగును.

కథ, నాటకము, నవల, లేఖలు మాత్రము ప్రతిపదార్థమునకు లొంగవు. ఆణిముత్యాలు, శారదలేఖలు, ఎన్.జి.ఓ., అల్పజీవి బోధించునపుడు మన పద్ధతిని మార్చుకొనవలెను. ఎవరు చెప్పుచున్నారు, ఎవరికి చెప్పుచున్నారు, ఏది చెప్పక విడిచినారు అను మూడు ప్రశ్నలతో ఆరంభించుట మేలు. అల్పజీవిలో సుబ్బయ్య భయము బయటి సంఘటనలకంటె అతని లోపలి ఆలోచనల ప్రవాహములోనే తెలియును. ఆ ప్రవాహమును చూపు కథనమార్గమును గుర్తింపనివాడు ఆ నవలను కథగా చెప్పి ఊరకుండును.

6. భాషాభాగము

ప్రాచ్యవిద్యార్థి జంకునది ఇచ్చటనే. భాషాశాస్త్రము తనకు అన్యమని అతని భావన. నిజమునకు బాలవ్యాకరణము చదివినవానికి సగము మార్గము గడచినట్లే. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము అని తాను నేర్చినవి ఆధునికులు అసమాపకక్రియలని వ్యవహరించునవే. ధాతుజవిశేషణము విశేషణీకరణమునకు మూలము. ‘ఏ మనుష్యుడు నిన్న వచ్చెనో ఆ మనుష్యుడు’ అను యత్తదర్థకరచనకంటె ‘నిన్న వచ్చిన మనుష్యుడు’ అను రచన తెలుగునకు సహజమని చూపగలిగినవాడు అన్యభాషాప్రభావమును గూర్చిన ప్రశ్నకును ఉదాహరణమును సంపాదించుకొన్నవాడగును.

అయినను ఒక లోటును అంగీకరింపవలెను. బాలవ్యాకరణములోని పది పరిచ్ఛేదములలో వాక్యమునకు ప్రత్యేకపరిచ్ఛేదము లేదు. బహుజనపల్లి సీతారామాచార్యుల ప్రౌఢవ్యాకరణము వాక్యమును చర్చించినను, పరీక్ష కోరు వాక్యవిశ్లేషణమునకు అది చాలదు. చేకూరి రామారావు 1975లో వెలువరించిన తెలుగు వాక్యము వంటి గ్రంథములను చేర్చి చదువవలెను. ఒక ఉదాహరణము: ‘నేను రేపు వచ్చెదను’ అని రాముడు చెప్పినదానిని పరోక్షముగా మార్చినపుడు ‘తాను రేపు వచ్చెదనని రాముడు చెప్పెను’ అగును. నేను అనునది తానుగా మారినది. క్రియ మాత్రము ఉత్తమపురుషప్రత్యయముతోనే నిలిచినది. ఇంగ్లీషు నమూనాను మనస్సులో ఉంచుకొన్నవాడు ఈ విశేషమును చూడలేడు.

ధ్వనిపరిణామములను సూత్రములుగా కాక ఉదాహరణములుగా ధారణ చేయించవలెను. కన్నడమున కివి, తెలుగున చెవి: తాలవ్యాచ్చునకు ముందున్న కకారము చకారమైనది. తమిళమున ఉరల్, తెలుగున రోలు. తమిళమున ఇరండు, తెలుగున రెండు: పదాదియందు వర్ణవ్యత్యయము జరిగినది. ఇట్టివి ఇరువది ఉదాహరణములు నోటికి వచ్చినచో ఎంతటి ప్రశ్నకైనను బెదరనక్కరలేదు. 1816లో ఎల్లిస్ దక్షిణభాషల సంబంధమును గుర్తించుట, 1856లో కాల్డ్వెల్ తులనాత్మకవ్యాకరణము, తెలుగు దక్షిణమధ్య ద్రావిడశాఖకు చెందినదన్న నేటి నిర్ణయము, దానిలో భద్రిరాజు కృష్ణమూర్తి కృషి ఒక క్రమములో చెప్పగలుగవలెను.

వ్యావహారికభాషోద్యమమును గూర్చి మనవారు వ్రాయునపుడు పక్షపాతము తొంగిచూచును. గిడుగు వాదమును, జయంతి రామయ్య వాదమును రెండింటిని న్యాయముగా ఉపన్యసించి పిమ్మట నిర్ణయము చెప్పుట పూర్వపక్షసిద్ధాంతక్రమమే కదా. ఏ పక్షమును సమర్థించినను దోషము లేదు. ఎదుటి పక్షమును తెలియకుండుట దోషము.

7. సాహిత్యచరిత్ర

చరిత్రభాగమును కవుల జాబితాగా చదువుట వ్యర్థము. ద్వితీయపత్రగ్రంథములను మొదట పూర్తి చేసి, పిదప చరిత్రకు వచ్చుట యుక్తము. అప్పుడు ప్రతి యుగమునకును ఒక స్వానుభవము ఆధారముగా ఉండును. నన్నయకు పూర్వకవిత్వమును గూర్చి వ్రాయునపుడు 848 నాటి అద్దంకి శాసనమునందలి తరువోజ, కురిక్యాల శాసనమునందలి కందపద్యములు, బెజవాడ యుద్ధమల్లుని శాసనమునందలి మధ్యాక్కరలు ఆధారములు. దేశిచ్ఛందస్సులు నన్నయకు ముందే స్థిరపడినవనుటకు ఈ శాసనములు చాలును. నన్నెచోడుని కుమారసంభవమును 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించినపుడు పుట్టిన కాలవివాదము తరగతిలో వాదమునకు మంచి విషయము. శివకవులు ద్విపదను ఏల ఆదరించిరి, ప్రబంధము కావ్యమునకంటె ఏ అంశమున భిన్నము, దక్షిణాంధ్రయుగము క్షీణయుగమా, ప్రక్రియావైవిధ్యయుగమా అన్న ప్రశ్నలుగా యుగములను విభజించుకొన్నచో జ్ఞాపకము నిలుచును.

8. కాలపరిమితి, రచనాభ్యాసము

ప్రతి పత్రమునకు మూడు గంటలు. ఎనిమిది ప్రశ్నలలో ఐదింటికి సమాధానము వ్రాయవలెను. ఒకటవ, ఐదవ ప్రశ్నలు తప్పనిసరి. వానిలో పది మార్కుల లఘుప్రశ్నలు ఐదేసి ఉండును, ఒక్కొక్కదానికి సుమారు 150 పదములు. మిగిలిన మూడింటిలో ప్రతి భాగము నుండి కనీసము ఒకటి ఎన్నుకొనవలెను. ఇవి సాధారణముగా 20, 15, 15 మార్కులుగా విభజింపబడి ఉండును.

180 నిమిషములను ఇట్లు పంచవచ్చును. పది లఘుప్రశ్నలకు ఏడేసి నిమిషములు, మొత్తము 70. ఇరువది మార్కులకు 14 నిమిషములు, పదునైదు మార్కులకు పదేసి నిమిషములు; అట్టివి మూడు ప్రశ్నలకు 102. మిగిలిన ఎనిమిది నిమిషములు ప్రశ్నపత్రమును చదువుటకును, ఎన్నికకును. ఏడు నిమిషములలో 150 పదములు వ్రాయుట మన విద్యార్థికి మొదట అసాధ్యముగా తోచును. విస్తారముగా వ్రాయుట మనము నేర్పినాము, సంక్షేపము నేర్పలేదు. సూత్రశైలిని ఆరాధించు సంప్రదాయమునకు సంక్షేపము కష్టము కారాదు.

నా సూచన ఇది. వారమునకు ఒక గంటను వాక్యార్థసభకు కేటాయింపవలెను. ఒక విద్యార్థి పాఠ్యభాగముపై ఒక నిర్ణయమును ప్రతిపాదించును, మరియొకడు ఆక్షేపించును, అధ్యాపకుడు మధ్యస్థుడు. నలువది నిమిషముల వాదము పిమ్మట అందరును అదే విషయముపై ఏడు నిమిషములలో 150 పదములు వ్రాయుదురు. మిగిలిన కాలములో రెండు సమాధానములను చదివి గుణదోషములు చెప్పవలెను. దీనికి ధనము అక్కరలేదు, నూతన పాఠ్యప్రణాళిక అక్కరలేదు.

శైలి విషయమున ఒక మాట. రెండు పత్రములను తెలుగులోనే వ్రాయవలెను. గ్రాంథికమో, శిష్టవ్యావహారికమో ఒక్క మార్గమును పట్టి చివరి వరకు నిలుపవలెను. మిశ్రమము అందము చెఱచును. దీర్ఘసమాసము కాలమును హరించును. పద్యమును ఉదాహరించునపుడు వాదమునకు కావలసిన పాదమును మాత్రమే ఉదాహరింపవలెను.

సంస్కృతము కోరువారు గమనింపవలసినది: ప్రథమపత్రములో సూచింపబడిన మూడు ప్రశ్నలకు సంస్కృతముననే వ్రాయవలెను, తక్కినవానికి సంస్కృతము గాని, ఎన్నుకొన్న మాధ్యమము గాని వాడవచ్చును. తెలుగు, సంస్కృతములలో దేనిని ఎన్నుకొనవలెనన్న సందేహము కలిగినపుడు, ఏ సాహిత్యమును గూర్చి తాను నిరాటంకముగా వాదింపగలడో దానినే ఎన్నుకొనుట యుక్తము. అభిమానము ప్రమాణము కాదు.

9. ఐచ్ఛికము దాటి

ఐచ్ఛికము ఎంత బలముగా ఉన్నను ప్రాథమికపరీక్ష దాటనిచో నిష్ప్రయోజనము. సామాన్యాధ్యయనపత్రము 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు సమాధానమునకు ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు కోత. రెండవది 80 ప్రశ్నల అభిరుచిపత్రము. అందులో 33 శాతము వచ్చిన చాలును, కాని రాక తప్పదు. ఈ ప్రశ్నపత్రములు హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే ఉండును. ప్రధానపరీక్షలో వ్యాసమును, నాలుగు సామాన్యాధ్యయనపత్రములను తెలుగులో వ్రాయవచ్చును; ప్రశ్నలను మాత్రము ఆ రెండు భాషలలో ఒకదానిలో చదువుకొనవలెను. 300 మార్కుల ఇంగ్లీషు పత్రములోను, 300 మార్కుల భారతీయభాషాపత్రములోను 25 శాతము వంతున రానిచో తక్కిన పత్రముల మార్కులు లెక్కకు రావు.

ఇది విద్యార్థికి మొదటనే చెప్పవలసిన నిజము. ఇంగ్లీషులో చదివి గ్రహించు శక్తిని, గణితమును, రాజ్యాంగమును, ఆర్థికవ్యవస్థను పట్టమునకు చదువుచున్నప్పుడే దినమునకు రెండు గంటల వంతున అభ్యసింపక గత్యంతరము లేదు. ఊరట కలిగించు అంశములును కలవు. మొదటి సామాన్యాధ్యయనపత్రములో భారతీయ కళలు, సాహిత్యము, వాస్తువు ఉన్నవి. నాలుగవదైన నీతిశాస్త్రపత్రములో భారతీయ తత్త్వవేత్తల ఉపదేశములకు స్థానము కలదు. శుకనాసోపదేశమును, నీతిశతకమును ఒకప్పుడు కంఠస్థము చేసినవాడు అధికారగర్వమును గూర్చిన ప్రశ్నకు పరాయి ఉదాహరణమును వెదకనక్కరలేదు.

10. ఒక ఆక్షేపము, సమాధానము

పోటీపరీక్షను దృష్టిలో ఉంచుకొని కావ్యమును బోధించుట కావ్యమునకు అపచారమని మనలో కొందరి భావన. మార్కుల కొఱకు చదివిన పద్యము హృదయమున నిలువదని వారి వాదము. ఈ ఆక్షేపము తేలికైనది కాదు. గైడు పుస్తకమును వల్లించు పద్ధతి విషయమున అది పూర్తిగా సత్యము. కాని పైన ప్రతిపాదించిన పద్ధతి పాఠ్యమును తగ్గించునది కాదు. వ్యాఖ్యానలక్షణములలో ఐదవదానిని తిరిగి తెచ్చునది. పరీక్ష వ్రాయని విద్యార్థికిని, పండితుడు కానున్నవానికిని, పరిశోధన చేయనున్నవానికిని అది సమానముగా ఉపకరించును. పరీక్ష ఇచ్చట నిమిత్తమాత్రము.

ఫలము విషయమున సంశయము కలవారు ఒక దృష్టాంతమును స్మరింపవచ్చును. 2016 సివిల్ సర్వీసుల పరీక్షలో అఖిలభారతస్థాయిని తృతీయస్థానము పొందిన శ్రీ రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు. ఆయన ఐచ్ఛికము తెలుగు సాహిత్యమే. ఒక్క దృష్టాంతముతో వ్యాప్తి సిద్ధింపదని తార్కికులు అనవచ్చును. కాని అసంభవమన్న వాదమును ఖండించుటకు ఒక్క దృష్టాంతము చాలును.

ఉపసంహారము

ప్రాచ్యకళాశాలల విద్యార్థికి గ్రంథము కలదు, ధారణ కలదు, శాస్త్రసంస్కారము కలదు. ప్రశ్నను ఎదుర్కొని, ఎదుటి పక్షమును విని, పరిమితవాక్యములలో తన నిర్ణయమును నిలుపు అభ్యాసము లోపించినది. ఆ అభ్యాసము మనకు పరాయిది కాదు. ఆక్షేపసమాధానమను పేర మన వ్యాఖ్యాతలు, అధికరణమను పేర మన మీమాంసకులు నిర్వహించినదే. వారమునకు ఒక గంట దానికి ఇచ్చినచో ఎందరు విద్యార్థులు పరిపాలనపదవులను అలంకరింతురో చెప్పలేము. పద్యమును ప్రశ్నించి చదువు విద్యార్థులు మాత్రము మన తరగతులలో తప్పక పెరుగుదురు. ఈ సూచనలను సహాధ్యాపకులు తమ తరగతులలో పరీక్షించి, లోపములు తోచినచో ఈ పత్రికాముఖముననే ఆక్షేపింతురుగాక యని ప్రార్థించుచున్నాను.